రేకులు లేపిన గాలి

మొన్న గన్నవరంలో విమానమెక్కితే రెక్క పక్కనే కిటికీ సీటు దొరికింది. చుట్టూ అందరూ బెల్టులు బిగించుకుని అప్పుడే కునుకు తీస్తుంటే, నేను మాత్రం కళ్లజోడు తుడుచుకుని, ఆ రెక్క మీద మరలన్నీ ఉన్నాయా లేవా అని చూసుకుంటూ కూర్చున్నాను. ఎనభై దాటినా ఈ అనుమానపు బుద్ధి నన్ను వదల్లేదు. చక్రాలు నేలను విడిచేసరికి మాత్రం మా నాన్న పనిసంచీ గుర్తొచ్చింది.

అరవైల మొదట్లో నేను నందిగామలో కొత్తగా సైన్సు పంతులమ్మనయ్యాను. నాన్న జగ్గయ్యపేటలో వడ్రంగం చేస్తూ రేకుల కప్పులు కూడా వేసేవాడు. ఆ వేసవి గాలిదుమారానికి, ఆయన కప్పు వేసిన ఒక షావుకారు గారి పత్తి గోదాము రేకులు లేచిపోయి వత్సవాయి రోడ్డు పక్క చేలో పడ్డాయి. గోడలు చెక్కుచెదరలేదు, తలుపులు వేసినవి వేసినట్టే ఉన్నాయి. షావుకారు గారికి అక్కడే అనుమానం తగిలింది. గాలి తోస్తే గోడ కూలాలి గానీ అంత బరువు రేకు పైకెలా లేస్తుంది, రేకులను దూలాలకు బిగించే కొక్కేలు ఎవరో ముందే ఊడదీసి ఉండాలి, నెల కిందట తనతో మాటామాటా అనుకున్నది ఈ వడ్రంగే కదా అని. ఆ మాట బజారంతా పాకి, నాన్నను పనికి పిలిచేవాళ్లే లేకుండా పోయారు. ఆదివారం చర్చిలో కూడా జనం ఆయనకు కాస్త ఎడంగా కూర్చున్నారు.

ఆ రోజే ఇంట్లో మేకు కొట్టడానికి సుత్తి కోసం ఆయన సంచీలో చెయ్యి పెడితే, గుడ్డలో మూటకట్టిన కొక్కేలు తగిలాయి. విప్పి చూసే ధైర్యం లేక లోపలికి తోసేసి, గాలికి రేకులెలా లేస్తాయని ఏమీ ఎరగనట్టు అడిగాను. “లేచినయ్ గదమ్మా” అన్నాడంతే. సిగ్గు విడిచి చెబుతున్నాను, షావుకారు గారి కన్నా నేనే ఆయనను ఎక్కువ అనుమానించాను.

తర్వాతి వారం తొమ్మిదో తరగతికి విమానం రెక్క పాఠం వచ్చింది. రెక్క పైన దారి ఎక్కువ గనక పైగాలి పరుగెత్తి వెనకాల కిందిగాలిని కలుసుకుంటుందని పుస్తకంలో ఉండేది. కలుసుకుని తీరాలని వాటికి ఎవరు చెప్పారో నాకు ఏనాడూ నమ్మకం కుదరలేదు, అలా కలుసుకోవని చాలా ఏళ్లకు తెలిసింది కూడా. కానీ రెక్క వంపును అంటుకుని గాలి వేగంగా సాగి కిందికి మళ్లుతుందని, పైన ఒత్తిడి తగ్గితే కింది గాలి రెక్కను ఎత్తుతుందన్నది మాత్రం నిజం. పిల్లలకు చూపిద్దామని కాగితం ముక్క పెదవి కింద పట్టుకుని పైనుంచి ఊదాను. వేలాడే కాగితం చప్పున లేచింది. ఏటవాలు రేకుల మీదుగా పోయే గాలీ ఇంతే కదా అని అప్పుడు తట్టింది.

శనివారం బస్సు దిగి తిన్నగా షావుకారు గారి కొట్టుకే వెళ్లాను. నేను తెచ్చిన కాగితం ఊది చూపిస్తే, అందులో ఏదో కిటుకుందని ఆయన ఒప్పుకోలేదు, తన కొట్లో పొట్లాల కాగితమే చింపి, తలుపు మూయించి, తానే ఊదాడు. లేచింది. తిరగేసి మళ్లీ ఊదాడు. “అయితే గాలేనంటావా పంతులమ్మా?” అని చాలాసేపు ఆ ముక్కనే చూసి, రేకులు మళ్లీ వేయడానికి నాన్నకే కబురు పెట్టాడు.

గెలిచానన్న సంబరంతో ఇంటికి వచ్చి అంతా చెప్పాను. నాన్న లేచి ఆ మూట తెచ్చి నా ముందు విప్పాడు. చేలో పడిన రేకుల దగ్గర ఏరుకొచ్చిన కొక్కేలు అవి. ఊడదీసినవి కావు, గాలి లాగుడికి వంపు విప్పుకుని తిన్నగా సాగిపోయినవి. “ఎవరన్నా అడిగితే చూపిద్దామని దాచా. నువ్వన్నా అడుగుతావనుకున్నా” అన్నాడు.

ఇప్పుడు అంత పెద్ద విమానాన్ని గాలి మోస్తుంటే ఎవరికీ అనుమానం రాదు, నిశ్చింతగా నిద్రపోతారు. నేనూ ఆ రోజు రెక్కను నమ్మి కళ్లు మూసుకున్నాను. అంతపాటి నమ్మకం కాగితం ఊదకముందే మా నాన్న మీద ఉంచలేకపోయానే అని మాత్రం ఇప్పటికీ బాధగానే ఉంది.