కులం గడిలో గీసిన గీత

మా బడిలో జూన్ వచ్చిందంటే రెండు పనులు మీద పడేవి. ఆరో తరగతిలో కొత్తవాళ్లను చేర్చుకోవాలి, పదో తరగతి ఫలితాల పట్టిక నింపి పైకి పంపాలి. ఎనభైల్లో నేను ములకలపల్లి వైపు అడవి అంచున ఒక జిల్లా పరిషత్ హైస్కూల్లో లెక్కల మాస్టారిని. ఆదివారాలు చుట్టుపక్కల గూడేలకు వెళ్లి బైబిలు వాక్యం చెప్పేవాడిని. మా నాన్న సంఘ పెద్ద. నాకు అక్షరాలు వచ్చిందే లేఖనాలు చదివి.

పట్టికలో ఎస్సీ, ఎస్టీ, బీసీ, ఇతరులు అని వరుసలుండేవి. బడిలో దాదాపు సగం కోయ పిల్లలు. మిగతావాళ్లలో ఎక్కువమంది కోస్తా నుంచి వచ్చి భూములు కొనుక్కున్న రైతుల పిల్లలు. వాళ్లను సాయంత్రం కూర్చోబెట్టి చదివించేవాళ్లు ఇంట్లో ఉండేవారు. కోయ పిల్లలు ఇంట్లో మాట్లాడేది ఒక భాష, మా పుస్తకాల్లో ఉన్నది ఇంకొకటి. పైగా ఇప్పపువ్వు రాలే రోజుల్లో ఇంటిల్లిపాదీ తెల్లవారకముందే చెట్ల కింద ఉండాలి, లేకపోతే పువ్వు పశువుల పాలవుతుంది. పదో తరగతి పరీక్షలు సరిగ్గా అప్పుడే వచ్చేవి. ఎస్టీ వరుసలో ఉత్తీర్ణుల గడి దగ్గర ఏటా సున్నా వేసేవాళ్లం.

"ఏం మాస్టారూ, ఈ ఏడు కూడా గుడ్డేనా?" అనేవారు మా హెడ్మాస్టారు. ఆయనది కోస్తా వైపు. మంచివారే గానీ పై ఆఫీసు ఉత్తరం అంటే గుండె దడ.

ఆ సున్నాను ఒక పిల్ల చెరిపేస్తుందని నాకు నమ్మకంగా ఉండేది. నేను ప్రార్థన జరిపే గూడెం పిల్ల. తండ్రి మొదట్లో దూరంగా నిలబడి వినేవాడు, తర్వాత బాప్తిస్మం తీసుకున్నాడు. ఆ పిల్ల రోజూ రెండు కోసులు నడిచి వచ్చేది. హాస్టల్లో చేరలేదు కాబట్టి కులం కాగితం అవసరం ఎప్పుడూ పడలేదు. బోర్డు మీద నేను లెక్క సగం వేసేసరికి జవాబు చెప్పేది. పరీక్షల నెలలో తండ్రి ఇప్పపువ్వు మానుకుని మరీ పిల్లను బడికి పంపాడు.

పేపర్లో నంబరు పడింది. ఫస్ట్ క్లాసు. మా బడి చరిత్రలో ఆ గూడేల నుంచి మొదటిసారి. భద్రాచలంలో గిరిజన బాలికల హాస్టల్‌తో పాటు ఇంటర్ సీటు వస్తుందనీ, చేరడానికి పది రోజులే గడువనీ తెలిసింది. నేను సంబరంగా పట్టిక ముందు కూర్చున్నాను. గుమాస్తా నింపిన ఎస్టీ వరుసలో మళ్లీ సున్నానే ఉంది. ఆ పిల్ల పాసు 'ఇతరులు' వరుసలో చేరింది.

అడ్మిషన్ రిజిస్టర్ తెరిచాను. ఐదేళ్ల కిందటి పేజీ, నా చేతిరాతే. మతం గడిలో క్రైస్తవ. కులం గడిలో పొడుగ్గా ఒక గీత.

ఆ గీత గీసిన రోజు నాకు బాగా గుర్తు. నా చిన్నప్పుడు ఆ గడిలో రాసింది చూసే నన్ను గోడ పక్కన విడిగా కూర్చోబెట్టారు. దేవుని యెదుట కులం లేదని నమ్మినవాణ్ణి. ఈ బిడ్డకు ఆ బాధ ఉండకూడదనుకుని, మనసులో ప్రార్థించుకుని మరీ గీశాను.

"మీ దేవుడికి కులం అక్కర్లేదేమో గానీ మాస్టారూ, ఈ స్టేట్‌మెంటుకి కావాలండీ," అన్నారు హెడ్మాస్టారు. గొంతు తగ్గించి, "పరీక్షకి వివరాలు పంపేశాక రిజిస్టర్ దిద్దే అధికారం నాకు లేదు. పైకి రాస్తాను," అన్నారు.

మర్నాడు తండ్రినీ కూతుర్నీ తీసుకుని ఎస్టీ సర్టిఫికెట్ కోసం మండల ఆఫీసుకు వెళ్లాను. అక్కడి గుమాస్తా రిజిస్టర్ నకలు చూసి నవ్వాడు.

"గీ గీత ఏంది సార్? గీత కులానికి సర్టిఫికెట్ యాడికెళ్లి ఇయ్యాలె?"

"తప్పు నాది. మతం మారినా వీళ్లు కోయవాళ్లే. ఆయన్నే అడగండి."

"అవ్ సారు, మేం కోయోళ్లమే," అన్నాడు తండ్రి. "మా తాతలు గా అడివిలనే పుట్టిండ్రు, గాన్నే పోయిండ్రు. సారు దేవుని పేరు రాసిండు, గంతే."

"నువ్వు జెప్తె గాదు పెద్దమనిషీ, కాగితం జెప్పాలె. బడి రికార్డు మార్పించుకొని రాండ్రి. లేకుంటె ఎంక్వైరీ బెడ్తం, టైం పడ్తది."

ఎంక్వైరీకి రాసిచ్చాం. గూడెం పెద్దలు వేలిముద్రలు వేశారు. నేను మూడు రోజులు ఉపవాసముండి ప్రార్థించాను. గడువు ముగిసింది. హెడ్మాస్టారి ఉత్తరానికి జవాబు వానలు వెనకబట్టాక వచ్చింది. దిద్దడానికి వీల్లేదని రెండు ముక్కల్లో తేల్చారు. ఎంక్వైరీ పూర్తయి సర్టిఫికెట్ చేతికొచ్చేసరికి ఏడాది తిరిగిపోయింది. అప్పటికి ఆ పిల్ల బీడీలకు పంపే తునికాకు కల్లంలో కట్టలు కడుతోంది. ఈ ఏడు చేరమని నేను గూడేనికి వెళ్లి అడిగాను.

"మా నాయినకు కాలు బాగలేదు సార్. ఇప్పుడు నేను బోతె ఎట్ల?" అంది. కోపంగా అన్నా బాగుండేది.

తండ్రి మాత్రం ప్రార్థన మానలేదు. నేను వాక్యం చెబుతుంటే ఎప్పటిలాగే ముందు వరుసలో కూర్చునేవాడు. ఆ ఏడాదంతా ఆయన ముఖంలోకి చూసి నేను వాక్యం చెప్పలేకపోయాను.

ఆ జూన్‌లోనే ఆ పిల్ల తన చెల్లెల్ని ఆరో తరగతిలో చేర్చడానికి తీసుకొచ్చింది. నేను రిజిస్టర్ తెరిచాను. పేరు, తండ్రి పేరు, ఊరు రాశాను. మతం గడి నింపాను.

"సార్," అంది బల్ల దగ్గరికి జరిగి. "దీనికి గీత గీయకుండ్రి."

దేవుని యెదుట కులం లేదన్న నా విశ్వాసం అప్పుడూ ఇప్పుడూ ఒకటే. అయినా ఈసారి కులం గడిలో కోయ అని రాశాను. నేను కలం ఎత్తేదాకా ఆ పిల్ల అక్షరాల వైపే చూస్తూ నిలబడింది. ఇంకు ఆరిందో లేదో వేలితో ముట్టి చూసుకుని, చెల్లెల్ని క్లాసులోకి పంపి, కల్లానికి పొద్దెక్కుతోందని వెళ్లిపోయింది.