ఒళ్లో పెట్టుకున్న తుపాకీ

తెల్లవారి ఐదున్నరకు తెనాలి స్టేషన్‌లో దిగాం. వెళ్ళాల్సింది బాపట్ల దగ్గరి సముద్రతీరానికి. బాపట్లలో స్టేషన్ ఉండగా తెనాలిలో ఎందుకు దించారో నాకు ఈ రోజుకీ తెలియదు. నాది రేపల్లె. పట్టాళంలో ఏళ్ళ తరబడి మంచులోనూ ఎడారిలోనూ తిప్పి, చివరికి మా ఊరి పక్కనే డ్యూటీ వేశారు. ఇంటికి వెళ్ళడానికి మాత్రం సెలవు లేదు. సంతోషించాలో ఏడవాలో అర్థం కాలేదు.

ట్రక్కు ఒకటి. దూరపు గురి చూపే స్కోపు బిగించిన తుపాకులు రెండు. ఒకటి నాది, ఒకటి ఉస్తాద్‌ది. నాకు గురి నేర్పిన గురువు ఆయనే, చీరాల మనిషి. మర్నాడు మా ఇద్దరికీ గురి పరీక్ష. అక్కడికి వెళ్ళాక తుపాకీని సరిచేసుకోవడం కుదరదు. దించిన తుపాకీతో దించినట్టే కాల్చాలి. దారిలో స్కోపు వెంట్రుకవాసి కదిలినా గురి జానెడు తప్పుతుంది. ఈసారి తప్పితే ఉస్తాద్‌కు తుపాకీ ఉండదు, స్టోర్ డ్యూటీయే.

లెన్సులకు మూతలు పెట్టాం. స్పాంజి పరిచిన గట్టి పెట్టెల్లో, స్కోపు పైకి ఉండేలా తుపాకుల్ని పడుకోబెట్టాం. ఈలోగా డ్రైవరు ఎక్కడినుంచో ఒక మోపు వరిగడ్డి తెచ్చి ట్రక్కులో పరిచాడు. ఆయనది తెనాలే.

"ఏంటి బాబాయ్ ఇది?" అన్నాను.

"మావైపు కుండలకైనా గాజు సామానుకైనా గడ్డేనండి. పొన్నూరు దాకా రోడ్డు మీరు చూళ్ళేదు."

ఉస్తాద్ మొహం చిట్లించారు. "ఇది కుండ కాదయ్యా. మనిషి ఒంటికంటే మెత్తనిది ఏముంది? నాది నా ఒళ్లో పెట్టుకుంటా."

"మీ ఇష్టమండి" అని డ్రైవరు నా పెట్టెను గడ్డి మీద పెట్టి తాడుతో కట్టాడు.

గొయ్యి వచ్చినప్పుడల్లా ఉస్తాద్ రెండు చేతులతో పెట్టెను పైకెత్తి పట్టుకునేవారు. చొక్కా చెమటతో తడిసి ముద్దయింది. కాసేపు నేను పట్టుకుంటానంటే "నీకు చేతకాదులే" అన్నారు. దిగేటప్పుడు కూడా పెట్టెను ఎవరి చేతికీ ఇవ్వలేదు.

మర్నాడు నా తూటాలు నడిమధ్యలో పడ్డాయి. ఉస్తాద్‌వి మూడూ ఎడమకు పోయాయి, మూడూ ఒకేచోట. అంటే చెయ్యి తప్పలేదు. తప్పింది తుపాకీయే.

రేడియోలో ఆఫీసరు గొంతు వినిపించింది. "పెట్టె ఎక్కడైనా పడిందా?"

"లేదు సార్."

"దేనికైనా తగిలిందా?"

"లేదు సార్. నా ఒళ్లోనే ఉంది."

"మరేంటి?"

ఉస్తాద్ తుపాకీని నా చేతికిచ్చారు. స్క్రూలన్నీ చూశాం, బిగుతుగానే ఉన్నాయి. మరి గడ్డి మీద పడుకున్నది బాగుండి, గుండెలకు హత్తుకున్నది ఎందుకు చెడిందో ఎవరికీ అంతుపట్టలేదు. డ్రైవరును అడిగితే పాపం ఆయనా బిక్కమొహం వేశాడు. "నాకేం తెలుసండి. నేను కుండల సంగతే చెప్పాను." నెగ్గినందుకు నాకు ఆ రోజంతా సిగ్గేసింది. ఎందుకు సిగ్గేసిందో కూడా తెలియదు.

డ్యూటీ ముగిసి అదే ట్రక్కులో తెనాలికి తిరిగొచ్చాం. ఈసారి రెండు పెట్టెలూ గడ్డి మీదే. వాటిని సర్ది తాడు కట్టింది ఉస్తాదే. తర్వాత వచ్చి నా ఎదురుగా కూర్చున్నారు.

ఇప్పుడు ఉద్యోగం మానేసి రేపల్లెలో ఉంటున్నాను. పట్టాళంలో ఏం చూశావని అడిగేవాళ్ళకు మంచుకొండల సంగతులు చెబుతాను. నాకు గుర్తొచ్చేది మాత్రం ఆ తిరుగు దారిలో పొన్నూరు దాటాక వచ్చిన ఒక గొయ్యి. ట్రక్కు ఎగిరిపడింది. ఉస్తాద్ రెండు చేతులూ ఖాళీ ఒడిలోంచి పైకి లేచి, అలాగే ఆగిపోయాయి.