సువార్తమ్మ అత్త పెట్టిన కూడిక

మార్కాపురంలో ఈమధ్య ఏ పందిట్లో భోంచేసినా పలావులో లవంగాలు గుప్పిళ్లతో పోస్తున్నారు. మొన్న ఆదివారం ఒకరింటి కృతజ్ఞత కూడికలో మొదటి ముద్దకే ఒకటి పంటి కింద పడి నాలుక మొద్దుబారింది. వాళ్ల అబ్బాయికి ఉద్యోగం వచ్చిన సాక్ష్యం మైకులో ఇంకా సాగుతూనే ఉంది. ప్రార్థనలో అడిగిన మేలు జరిగితే షామియానా వేసి, పాటలు పాడించి, నలుగురికీ అన్నం పెట్టడం మా క్రైస్తవుల ఇళ్లలో ఆనవాయితీ. అడిగింది జరగకపోయినా కూడిక పెట్టిన మనిషిని మాత్రం నేను ఒక్కరినే చూశాను. మా పక్కింటి సువార్తమ్మ అత్త.

వరసకు అత్త. మా చర్చిలో బైబిల్ స్త్రీ. ఇళ్లకూ ఆసుపత్రులకూ తిరిగి రోగుల కోసం ప్రార్థన చేయడం ఆమె పని. దానికి జీతం పరలోకంలో ముడుతుందని మా కమిటీవారి గట్టి నమ్మకం. సండే స్కూలూ ఆమెదే. ఒకసారి యోబు కథ చెబుతూ, పోయిన పిల్లలకు బదులు దేవుడు ఆయనకు మళ్లీ పిల్లల్ని ఇచ్చాడని అంది. నేను లేచి, "మరి ముందు చచ్చిపోయినోళ్ల సంగతేంది అత్తా?" అన్నాను. ఇంకెవరైనా అయితే చెవి మెలిపెట్టేవారు. ఆమె మాత్రం, "అది నాగ్గూడా అర్థం కాలేదు నాయనా. కూర్చో" అంది. తర్వాత డిగ్రీ, పీజీ చదివి, కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. తెలియనిదాన్ని తెలియదని చెప్పిన టీచరు మళ్లీ తగల్లేదు. నేను కూడా అంత సాహసం చేయలేదు.

నాకు బండి రావడంతోటే మంగళవారాలు అత్తను ఆసుపత్రికి తీసుకెళ్లే ఉద్యోగమూ వచ్చింది. నూనె సీసా పట్టుకుని మంచం మంచానికీ పోయేది. తలకు నూనె రాసి ప్రార్థన చేసేది, ఎవరూ లేనివాళ్లకు గంజి తాగించేది. కొందరు లేచి ఇంటికి పోయేవారు. అందులో డాక్టర్ల చేయి కూడా కొంత ఉందనుకోండి.

అట్లాంటి మనిషి ఇంట్లోనే ఆమె భర్త దేవదానం మామ మంచం పట్టాడు. ఏళ్ల తరబడి పలకల గనిలో పనిచేసినవాడు, రాతిదుమ్ముకు ఊపిరి ఆడేది కాదు. బాగుపడితే కూడిక పెడతానని అత్త దేవుడికి మాటిచ్చింది. ఒక వారం మామ తనంతట తాను టీ అంగడి దాకా నడిచి వచ్చాడు. ఆ సంబరంలో అత్త రోజు ఖాయం చేసి, షామియానా మాట్లాడి, వీధంతా పిలిచింది. ఆ రోజు రాకముందే మామ పోయాడు.

"దీన్ని ఆదరణ కూడిక అని చెబుదాం లేమ్మా" అన్నారు మా పాస్టరు అయ్యగారు. మాలో చావు జరిగిన ఇంట పెట్టే కూడికది.

"పిలిచింది కృతజ్ఞతకు అయ్యగారూ. ఇప్పుడు మాట యాడ మార్చేది?" అంది అత్త.

జనం ఏ మొహం పెట్టుకోవాలో తెలియక, ఉన్న మొహాలతోనే వచ్చారు. పాటలు పాడే ప్రసాదు తబలా పక్కన పెట్టి, "అత్తా, స్తుతి పాటలా, సమాధి పాటలా?" అని గుసగుసగా అడిగాడు.

"నీకేవి బాగా వస్తే అవి పాడు."

ఆ లెక్కన వాడు ఏదీ పాడకూడదు. అయినా రెండు రకాలూ పాడాడు.

సాక్ష్యం వేళకు అత్త మైకు పట్టుకుంది. "అడిగినాను, ఇయ్యలేదు. ఎందుకియ్యలేదో చెప్పలేదు. పెండ్లికి ముందు నుంచీ దేవుని పనే చేస్తి గదా, ఒక్క మాటన్నా చెప్పొచ్చు గదా అనిపిస్తాంది. అన్నం సల్లారిపోతాది, లేయండి." వానొచ్చినా ఎండొచ్చినా ఆమెన్ అనే మా అయ్యగారు కూడా ఆ పూట ఆమెన్ మాని విస్తరి ముందు కూర్చున్నారు. పంక్తిలో నా కళ్లు చూసి పక్కాయన ఏందని అడిగితే, లవంగం కొరికానని చెప్పాను.

తర్వాతి మంగళవారం అత్త నూనె సీసాతో బండి దగ్గర నిలబడి ఉంది. నాకు కోపం లాంటిదేదో వచ్చింది. "ఇంకా ఎందుకత్తా? ఇన్నేండ్లు చేసినందుకు నీకేం మిగిలింది?" అన్నాను.

"తెలీదురా. తెలిసేదాకా ఇంట్లో కూర్చోమంటావా? బండి తియ్యి."

చనిపోయేదాకా అత్తకు తెలిసినట్టు లేదు. తెలిసినా నాకు చెప్పలేదు. ఇప్పుడు ఆ సీసా నా దగ్గరుంది. ఆసుపత్రి దారి తెలిసినవాడిననే అర్హత మీద సంఘం నాకు అప్పగించింది. మంగళవారాలు పోతున్నాను. ఆమె చేసిన సేవను పైనుంచి ఎవరైనా చూశారో, ఆ గంజి తాగినవాళ్లే చూశారో తేల్చుకోలేకపోతున్నాను. పోయేటప్పుడు నమ్మకంగానే ఉంటుంది, వచ్చేటప్పుడు ఉండదు. ఒక్కోవారం తిరగబడి, వచ్చేటప్పుడే ఉంటుంది. ఎందుకో కనిపెట్టలేదు.

పోయిన వారం త్రిపురాంతకం వైపు నుంచి వచ్చిన ఒకామె, స్పృహ లేని మొగుడి మంచం పక్కన అట్టముక్కతో విసురుతూ కూర్చుని ఉంది. ప్రార్థన చేయనా అమ్మా అని అడిగి, నూనె సీసా మూత తీసి, కళ్లు మూసుకున్నాను.

"సారూ, దేవుడు వింటాడని నీకు గట్టిగా తెలిస్తే చెయ్యి" అంది ఆమె. "తెలీకపోతే, పైన ఫ్యాను ఎందుకాగిపోయిందో కనుక్కోని రా."