సిన్న సూది

మొన్న సుగరు పరీక్షకని గుణుపురంలో మా వీధి చివరి ల్యాబుకి వెళితే, అక్కడి పిల్ల నా వేలు పట్టుకుని, "సిన్న సూదే అమ్మా, ఏటీ అవదు" అంది. చటుక్కున చెయ్యి లాగేసుకున్నాను. ఈ వయసులో సూదికి భయమేమిటని మా ఆయన నవ్వారు గానీ, ఆ మాట ఒకప్పుడు నా నోటివెంట వచ్చిందేనని ఆయనకేం తెలుసు!

తొంభైల చివర్లో, బీయెస్సీ రెండో ఏడు పరీక్షలయ్యాక, వేసవిలో పరిశోధన శిక్షణకని మా కాలేజీ నుంచి ఆరుగురిని కోరాపుట్ పంపారు. శ్రీకాకుళం నుంచి వలసొచ్చి వంశధార ఒడ్డున వరి పండించుకునే మా ఇంట్లో, మైక్రోస్కోపులోకి తొంగి చూడబోయే మొదటి మనిషిని నేనే కాబట్టి కాళ్లు నేలమీద ఆనలేదు. పని సులువే, నారాయణపట్న దాటి కొండల్లో ఊళ్లు తిరిగి, జ్వరమున్నవాళ్ల వేలు గుచ్చి, గాజు పలక మీద నెత్తుటి చుక్క తీసుకుని, పేరూ నంబరూ రాసుకురావడం. మందివ్వడం మా పని కాదని మా వెంట వచ్చిన మాష్టారు మొదటిరోజే గట్టిగా చెప్పారు.

ఒక ఊళ్లో ఒక తల్లి, సంతలో మనవాళ్ల కొట్లకి అల్లం, పసుపు అమ్ముతూ మన మాట నేర్చుకున్న మనిషి, జ్వరంతో కాలిపోతున్న నాలుగేళ్ల కొడుకుని తెచ్చింది. వాడు కెవ్వుమంటే, "సిన్న సూదేరా, ఏటీ అవదు" అని నేనే బుజ్జగించాను. తల్లి ముఖం విప్పారింది. ఇది పరీక్షకేనని మిగతా అందరికీ అక్కడివాళ్ల మాట దేశియాలో విడమరిచి చెప్పించాం గానీ, తెలుగు వచ్చు కదా అని ఆవిడకి మాత్రం నేనింకేమీ చెప్పలేదు.

కోరాపుట్ తిరిగొచ్చిన మర్నాడు, రంగు వేసిన పలకల్లో ఒకదాంట్లో, పుస్తకంలో బొమ్మలాగే, ఎర్రకణాల నిండా ఉంగరాల్లాంటి మలేరియా క్రిములు కనిపించాయి. దొరికిందోచ్ అని కేకేసి స్నేహితురాళ్లందరికీ చూపించాను. మాష్టారు శభాష్ అన్నారు. అప్పుడు చూసుకున్నాను నంబరు, అది ఆ పిల్లవాడిది. మాష్టారు ఫలితం రాసిన కాగితం ఆ రోజే అక్కడి ఆస్పత్రికి పంపారు గానీ, ఆ దారుల్లో అది ఎప్పుడు చేరుతుందో ఆయన చేతిలో లేదు, మా జీపు మళ్లీ వెళ్లేది వారానికి. ఎస్టీడీ బూత్ నుంచి నారాయణపట్నలో కొట్టున్న మా మావయ్యకి ఫోన్ చేసి, ఆ పిల్లాణ్ణి ఆస్పత్రికి తెమ్మని కబురంపమంటూ ఏడ్చాను. సంతకొచ్చినవాళ్లతో ఆయన కబురంపారు. మూడోరోజున మళ్లీ ఫోన్ చేస్తే జవాబు చెప్పారు: "సూది ఏయించీసినాను కదా, మరి ఆస్పత్రెందుకు అందటమ్మీ."

వారానికి మేం వెళ్లేసరికి పిల్లవాడు లేడు. ఆవిడ నన్ను తిట్టినా బాగుండేది, కొట్టినా బాగుండేది. చంకలో ఉన్న ఆడపిల్ల వేలు నా ముందుకి చాపి, "దీనికీ జొరవొచ్చింది. ఈసారి పెద్ద సూది ఏయమ్మీ" అంది. నా పెట్టెలో సూదులూ గాజు పలకలూ తప్ప ఇంకేం లేవు. మాష్టారే తల్లినీ పిల్లనీ జీపులో ఎక్కించుకుని ఆస్పత్రికి తీసుకెళ్లారు. ఆ పిల్ల దక్కింది. నా రిపోర్టుకి మంచి మార్కులొచ్చాయి, ఆ కాగితాలు మళ్లీ తెరవడానికి మాత్రం నాకు ఏనాడూ చెయ్యి రాలేదు.

ఇప్పుడు ఆ కొండ ఊళ్లలో ఆశా కార్యకర్తలున్నారు, వేలు గుచ్చిన చోటే ఫలితం తెలుస్తుంది, అదే సంచీలో మాత్రలుంటాయి. ఆ సంచీ అప్పుడు నా భుజాన ఉంటేనా అనుకుంటూ ఉంటాను. ఇంత మారినా సూది అన్న మాట మాత్రం మనలో మారలేదు, పరీక్షకీ అదే, మందుకీ అదే. మొన్న ల్యాబు పిల్లకి చెయ్యి మళ్లీ అందిస్తూ, ఇది నెత్తురు తీసే సూదేనని వచ్చినవాళ్లకి విడమరిచి చెప్పమ్మీ అన్నాను. అందరికీ తెలుసు కదమ్మా అని నవ్వింది. ఆ రోజు నేనూ అలాగే అనుకున్నాను.