తాళంకప్ప గారి సెట్టింగులు

నీళ్ల సరఫరా ఆఫీసులో ఫిర్యాదుల గుమాస్తాని అందరూ తాళంకప్ప గారు అంటారు. ఆయన ఎదురుగా కాదు లెండి. మనిషి మంచివాడే, కానీ టిఫిన్ డబ్బా మూత కూడా గోడవైపు తిరిగి తీసే రకం. గోడలకి చెవులుంటాయని పెద్దలన్నారు. ఈయన లెక్కలో బల్లలకీ, బీరువాలకీ, ముఖ్యంగా కంప్యూటర్లకీ ఉంటాయి.

అందుకే తన కంప్యూటర్లో బ్రౌజర్ చుట్టూ కోట కట్టుకున్నారు. మూసెయ్యగానే చూసినవన్నీ చెరిగిపోవాలి. ఏ సైటూ తన వెంట పడకూడదు. కెమెరా వద్దు, మైకు వద్దు, తను ఎక్కడున్నాడో ఎవరికీ చెప్పొద్దు. ఇంతా చేసి ఆయన చూసేది వాతావరణమూ, పింఛను నిబంధనలూ. ఈ మాత్రం దానికి అంత కాపలా ఎందుకండీ అని పక్క సీటాయన అడిగితే, మీకు తెలీదులెండి అని ఓ పెద్దమనిషి నవ్వు నవ్వేవారు.

ఆయన దగ్గర నిజంగా దాచవలసింది ఒకటే. ఎడమ చెవి దాదాపు పోయింది, కుడిది దాని వెనకే బయల్దేరింది. ఈ సంగతి బయటపడితే ఫిర్యాదుల ఫోను తన బల్ల మీద ఉండనివ్వరు. ఆ ఫోనంటే ఆయనకి ప్రాణం. కుళాయి రాలేదని తిట్లతో మొదలుపెట్టిన మనిషి, చివర్లో థాంక్సండీ అని పెట్టేస్తే కలిగే సుఖం ఆయనకి ఇంకెక్కడా దొరకలేదు. అది లాక్కుని పాత ఫైళ్ల గదిలోకి తోసేస్తారేమోనని బెంగ. ఆ బెంగలో నటనేమీ లేదు పాపం.

ఇంతలో ఆ ఫోనుకి హాలు పక్కనే విడిగా గది ఇచ్చి, కొత్త కంప్యూటర్ పెట్టారు. పాతది సాయంత్రానికి స్టోరుకి పోతుంది. ఆఫీసులో కంప్యూటర్లు చూసేది సొంత బావమరిదే. సెట్టింగులన్నీ ఓ ఫైలుగా తీసి అందులో పెట్టేస్తాననీ, టీ చల్లారేలోపు అయిపోతుందనీ చెప్పాడు. తాళంకప్ప గారు ససేమిరా అన్నారు. ఫైలుతోపాటు ఇంకేం పోతాయో ఎవరికి తెలుసు? ఫొటో తీస్తే ఫోన్లో మిగులుతుంది, కాగితం మీద రాస్తే ఎవరి చేతిలోనో పడుతుంది. కాబట్టి బావమరిది హాల్లో పాత కంప్యూటర్ ముందు కూర్చుని ఆఫీసు ఫోన్లో ఒక్కొక్కటీ చదవాలి, తను గదిలో కూర్చుని ఒక్కొక్కటీ నొక్కాలి. సొంత గుట్టుని నిండు హాల్లో చదివించుకోవాలన్న ఆలోచన వేరే బుర్రకి తట్టేది కాదు.

కుడిచేతిలో మౌస్ ఉంది. అందువల్ల ఫోను ఎడమ భుజానికీ ఎడమ చెవికీ మధ్య ఇరుక్కుంది. బావమరిదిది ఎటూ పెద్ద గొంతే కాబట్టి బండి బాగానే నడిచింది. చూసినవి చెరపాలి, సరే. కెమెరా ఎవరికీ వద్దు, సరే. తీరా మైకు దగ్గరికి వచ్చేసరికి బావమరిది గొంతు ఉన్నట్టుండి తగ్గిపోయింది.

ఏంటని అడిగారు. బావమరిది ఇంకా తగ్గించి, అది తర్వాత చూద్దాం వదిలెయ్యమన్నాడు. అదీ వినబడలేదు.

"లైన్లో ఏదో గొడవ. ఒక్కటి కూడా వదలడానికి వీల్లేదు, అరిచి చెప్పు," అన్నారు తాళంకప్ప గారు.

బావమరిది ఇక చేసేదిలేక లేచి నిలబడి అరిచాడు. "మైకు అందరికీ బంద్ బావగారూ. ఒక్క సైటుకే పర్మిషన్ ఇచ్చారు. చెవుడు ఉందో లేదో పరీక్ష చేసే సైటు."

ఈసారి ఫోన్లోంచీ, తలుపులోంచీ కూడా వినబడింది. ఎప్పుడో మధ్యాహ్నం హాలు ఖాళీగా ఉన్నప్పుడు చేసుకున్న పరీక్ష అది. విన్న మాటల్ని తిరిగి చెప్పమంటే మైకు తెరిచి, మళ్లీ ముయ్యడం మర్చిపోయారు. హాల్లో కీబోర్డులన్నీ ఆగిపోయాయి.

సెక్షన్ మేడం లోపలికి వచ్చారు. బల్ల చుట్టూ తిరిగి ఆయన కుడివైపున నిలబడ్డారు. ఆవిడ ఎప్పుడూ అటే వచ్చి నిలబడతారని ఆయనకి అప్పుడు తట్టింది.

"ఫోను మీదేనండి. కానీ చెవికి మిషను పెట్టించుకుని వచ్చాకే ముట్టుకోండి. మొన్నొకావిడ పైపు పగిలి ఇంట్లోకి నీళ్లొచ్చాయంటే, చాలా సంతోషమండీ అన్నారట మీరు."

ఆవిడ వెళ్లాక బావమరిది తలొంచుకుని వచ్చాడు. తాళంకప్ప గారికి ఫోను దక్కిందన్న సంతోషం కంటే సిగ్గే ఎక్కువగా ఉంది. మీ అక్కకి మాత్రం చెప్పకని బతిమాలారు.

బావమరిది కూడా కుడివైపుకే వచ్చాడు. "అక్కే చెప్పింది బావగారూ, మీతో ఇటునుంచి మాట్లాడమని. మా అందరికీ, ఎప్పుడో. మీకు తెలిస్తే బాధపడతారంది."

తాళంకప్ప గారు మౌస్‌ని బావమరిది వైపు జరిపారు.

"మిగతావి నువ్వే ఫైలుగా పెట్టెయ్యరా," అన్నారు.