ఇన్నమ్మ ఎత్తని మూత

మూత వేసిన గిన్నె కనబడితే ఇన్నమ్మ చెయ్యి ఊరుకోదు. పెళ్లికి వెళ్లినా ముందు వంటల దగ్గరికి పోయి, మూతలెత్తి చూసొచ్చి గానీ కూర్చోదు. నూజివీడు అవతల బసవపున్నారావు మామిడి తోటలో పనికి కుదిరాక ఈ అలవాటు ఆయన ప్రాణం మీదికొచ్చింది. బంగినపల్లి పిందె కోడిగుడ్డంత కాగానే కాగితం కవరు తొడిగి మూతి బిగించి కట్టాలి. కోతదాకా మళ్లీ ముట్టుకోకూడదు. ఇన్నమ్మ మాత్రం మధ్యలో ఒకటో రెండో విప్పి, తొంగి చూసి, మళ్లీ కట్టేది.

"నువ్వు చూశాక ఈగ కూడా ఓసారి చూసి పోతోందమ్మా. నీ చెయ్యి పడ్డ కాయలన్నీ పురుగే," అనేవాడు ఆయన.

"చీకట్లో దానికి రంగెలా వస్తుందో అని చూశానండీ."

"నువ్వు చూడకపోయినా వస్తుందిలే."

ఆమె భర్త విక్టర్ అదే తోటలో చెట్లెక్కి కాయ కోసేవాడు. రోజూ పొద్దున గుమ్మం దగ్గర ఇన్నమ్మ అతని తల మీద చెయ్యి పెట్టి ప్రార్థన చేసేది. చివర్లో ఎప్పుడూ ఒకటే మాట: "ప్రభువా, ఈయన్ని నీ రెక్కల చాటున దాచు." విక్టర్ కళ్లు మూసుకునే, "తొందరగా కానివ్వు, ట్రాక్టర్ వెళ్లిపోతుంది," అనేవాడు.

కిందటేడు కోతల్లో అతనెక్కిన కొమ్మ విరిగి, కింద పడి పోయాడు. ఆ రోజూ ప్రార్థన చేసే పంపింది.

ఇన్నమ్మ చర్చికి వెళ్లడం మానలేదు. కానీ ఆమెది మూతలెత్తే బుద్ధి. దేవుడు దాచాడా, లేదా? దాస్తే మనిషి ఎలా పడ్డాడు? సలోమోను పాస్టరుగారిని అడిగితే ఆయన, "నేనూ అదే అడుగుతున్నానమ్మా," అన్నారు. ఆయన మీద గౌరవం పెరిగింది గానీ ప్రశ్న అలాగే ఉండిపోయింది.

ఈ వేసవిలో కూతురు షాలోమికి హనుమాన్ జంక్షన్‌లో ఒక ఆసుపత్రిలో నర్సు ఉద్యోగం వచ్చింది. మొదటి రోజు గుమ్మం దగ్గర తల వంచి నిలబడింది. ఇన్నమ్మ బస్సు కోసం, రోడ్డు కోసం, డ్రైవరు కోసం ప్రార్థించి ఆమేన్ అనేసింది.

షాలోమి కదల్లేదు. "నాన్నకి చేసేదానివిగా, ఆ మాటేదమ్మా?"

"అన్నీ చెప్పాను కదే. డ్రైవరుకి కూడా చేశాను."

"వాడికి చేసి నాకు ఎగ్గొట్టావు."

ఇన్నమ్మ చెయ్యి తీసేసింది. "ఆ మాట మీద నాకింకా నమ్మకం కుదరట్లేదు. కుదరకుండా నీ తల మీద పెట్టలేను."

షాలోమి బ్యాగు భుజాన వేసుకుంది. "సరే. కుదిరాకే పెట్టు. నేను మాత్రం రోజూ తల వంచుతా."

ఆ వారంలోనే ఈదురుగాలి కొట్టింది. తెల్లారి చూస్తే చెట్ల కింద కాయలు పరిచినట్టున్నాయి. కవర్లు చాలక వదిలేసిన చెట్ల కాయలూ, కవర్లు కట్టినవీ, అన్నీ రాలాయి. బసవపున్నారావు తలపట్టుకుని గట్టు మీద కూర్చున్నాడు.

"కానివ్వు ఇన్నమ్మా, ఇవాళ నీ ఇష్టం. ఎన్ని విప్పి చూసుకుంటావో చూసుకో."

ఆమె నిజంగానే కూర్చుని విప్పింది. కవరు లేని కాయ కోస్తే లోపల పురుగు. కవరులోది నేల తగిలిన పక్క కమిలింది. కోస్తే లోపల ఎక్కడా పురుగు లేదు. ఇంకొకటి విప్పింది. అదీ అంతే.

"ఇది గాలిని ఆపలేదు కదండీ," అంది.

"గాలినెక్కడ ఆపుతుందమ్మా? పురుగు లోపలికి పోకుండా చూస్తుంది. దానికేగా కట్టింది."

ఇన్నమ్మకి ఒకటి గుర్తొచ్చింది. విక్టర్ పోయిన కొత్తల్లో ఒక మధ్యాహ్నం తోట షెడ్డులో పురుగుమందు డబ్బా మూత మీద చెయ్యి వేసింది. ఎందుకో తియ్యకుండా ఇంటికొచ్చేసింది. పుట్టి బుద్ధెరిగాక ఆమె ఎత్తకుండా వదిలిన మూత అదొక్కటే. తన చేతిని ఆపిందెవరో ఇన్నాళ్లూ ఎన్నడూ అడగలేదు.

కొమ్మ ఎందుకు విరిగిందో ఏ కవరులోనూ కనబడలేదు. అయినా చీకటి పడేదాకా విప్పుతూనే ఉంది.

మర్నాడు షాలోమి తల వంచింది. ఇన్నమ్మ చెయ్యి పెట్టింది.

"ప్రభువా, రోడ్డు సంగతి నాకు తెలీదు. దీన్ని నీ రెక్కల చాటున దాచు. వాళ్ల నాన్న కూడా అక్కడే ఉన్నాడు కదా."

అవతల బస్సు హారన్ వినబడింది. షాలోమి తల ఎత్తలేదు.

"పదవే," అంది ఇన్నమ్మ, "బస్సు వెళ్లిపోతుంది."