మొదటి పిక్ మా చేతిలో ఉన్న ఏడాది

ఆ ట్రేడ్ జరిగినప్పుడు నేను పైన వంటింట్లో పెరుగు చట్నీకి ఉల్లిపాయలు తరుగుతున్నాను. కింద బేస్‌మెంట్‌లో మగవాళ్లంతా పెద్ద టీవీ ముందు చేరి డ్రాఫ్ట్ మొదలవడానికి ఎదురుచూస్తున్నారు. ఆ రోజు మొదటి పిక్ మాది. అది మా చేతికి రావడానికి ఒక సీజన్ మొత్తం ఓడిపోతూ కూర్చున్నదాన్ని నేను.

ఏజాక్స్‌లోనూ చుట్టుపక్కల ఊళ్లలోనూ ఉన్న మా తెలుగువాళ్లలో చాలామంది అమెరికాలో కొన్నేళ్లు ఉద్యోగం చేసి, వీసా విసిగించాక కెనడా వచ్చినవాళ్లు. బంతిని చేత్తో పట్టుకుని ఆడే అక్కడి ఫుట్‌బాల్ పిచ్చి మాత్రం వదల్లేదు. పది కుటుంబాలు కలిసి ఒక లీగ్ పెట్టుకున్నాం. అసలు ఆటగాళ్లు ఎక్కడో ఆడతారు, మేము ఫోన్‌లో వాళ్లను మా జట్లుగా పంచుకుంటాం. ఆదివారం వాళ్లు ఎంత బాగా ఆడితే మాకు అన్ని పాయింట్లు. ఒకసారి తీసుకున్న ఆటగాడు ఏళ్ల తరబడి మనవాడే. ప్రతి మే నెలలో, కాలేజీల నుంచి కొత్తగా వచ్చిన కుర్రాళ్లను ఒక్కొక్కరిగా ఎంచుకుంటాం. అదే డ్రాఫ్ట్. అందరికంటే కింద ఉన్న జట్టు ముందు ఎంచుకుంటుంది. ఆ ఎంచుకునే వంతును పిక్ అంటారు, అందరి వంతూ ఒకసారి అయితే ఒక రౌండ్. దాన్ని వేరే జట్టుకు ఇచ్చి, బదులుగా ఆటగాడినో, వచ్చే ఏడాది పిక్‌నో తీసుకోవచ్చు. ఆ ఇచ్చిపుచ్చుకోవడమే ట్రేడ్.

మా జట్టును మొదట మా ఆయనే చూసేవాడు. టీవీలో ఎవరి పేరు గట్టిగా వినిపిస్తే వాళ్లను తెచ్చేవాడు. ముప్పై దాటి మోకాళ్లు అరిగినవాళ్ల కోసం కుర్రాళ్లందరినీ ఇచ్చేశాడు. జట్టు అడుక్కి పోయాక విసుగొచ్చి, "నాకు టైమ్ లేదు, నువ్వు చూసుకో" అని యాప్ పాస్‌వర్డ్ నాకు చెప్పాడు.

ఒషావాలో కార్ల విడిభాగాలు చేసే ఫ్యాక్టరీలో ప్లానింగ్ నా ఉద్యోగం. వచ్చే సీజన్‌లో ఏది తక్కువ పడుతుందో ఈ సీజన్‌లోనే ఆలోచించాలి. మా జట్టును చూస్తే నాకు నిండుగా కనిపించే ఖాళీ గోదాము గుర్తొచ్చింది. ముందు వరస డబ్బాలన్నీ అందంగా ఉన్నాయి, వెనక ఏమీ లేదు. నేను చేసిన మొదటి పని, జట్టులో ఉన్న ఒకే ఒక్క పెద్ద పేరును అమ్మేసి పిక్‌లు తీసుకోవడం. వాటితో ఎవరికీ పట్టని ఇద్దరు కుర్రాళ్లను తెచ్చాను. ఇద్దరూ రిసీవర్లు, అంటే పరుగెత్తుతూ బంతి పట్టేవాళ్లు. లీగ్ వాట్సాప్ గ్రూప్‌లో అందరూ నవ్వే బొమ్మలు పెట్టారు. మా ఆయన భోజనాల దగ్గర వాళ్ల మాటలు పడ్డాడు, అది నిజం. ఆ సీజన్ దాదాపు ప్రతి ఆదివారం ఓడిపోయాం. కానీ ఓడితేనే మొదటి పిక్ వస్తుంది. అదే నా లెక్క.

ఆ ఏడాది కొత్తవాళ్లలో ఒక క్వార్టర్‌బ్యాక్ గురించే అందరి నోటా మాట. బంతి విసిరి ఆటంతా నడిపేవాడే క్వార్టర్‌బ్యాక్. మా లీగ్‌లో గ్వెల్ఫ్ నుంచి ఆడే ఒకబ్బాయికి, నేను తమ్ముడూ అని పిలుస్తాను, ఆ క్వార్టర్‌బ్యాక్ కావాలి. ఆ తమ్ముడి పిక్ మూడోది. నాకు కావలసింది వేరే కుర్రాడు. రెండో పిక్ ఉన్నవాళ్లకు ఆ కుర్రాడు అక్కర్లేదని నాకు తెలుసు. కాబట్టి మా మొదటి పిక్ గ్వెల్ఫ్ తమ్ముడికి ఇచ్చి, అతని మూడో పిక్‌తో పాటు వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ కూడా తీసుకుంటే, నేను కోరుకున్నవాడూ దొరుకుతాడు, పైన ఇంకొకటీ మిగులుతుంది. యాప్‌లో అతనికి వివరంగా రాశాను.

జవాబు మా ఆయన ఫోన్‌కి వచ్చింది. స్పీకర్‌లో విన్నాను. "అన్నా, వదిన ఏదో ట్రేడ్ పంపింది. నువ్వు చూసినవా? నీకు ఓకేనా?"

"వదిననే అడుగు, నాకేం తెలీదు," అని నవ్వాడు మా ఆయన.

నేను ఫోన్ తీసుకున్నాను. "జట్టు నేనే చూస్తున్నా తమ్ముడూ. నన్ను అడగొచ్చు."

"అయ్యో, అట్ల కాదు వదినా. మిమ్మల్ని డిస్టర్బ్ చేసుడెందుకని. నాకైతే ఓకే. డ్రాఫ్ట్ రోజు అందరి ముందల ఫైనల్ చేద్దాం."

డ్రాఫ్ట్ రోజు, లీగ్ నడిపించే గుంటూరు అన్నగారింటికి వెళ్లాం. బేస్‌మెంట్ మెట్లు దిగబోతుంటే వాళ్లావిడ పిలిచింది. "అమ్మాయ్, ఒక్కదాన్నే చేసుకోలేకపోతున్నా. బిర్యానీ అయింది గానీ చట్నీ కలపలేదు. కాస్త రావూ?" కాదనలేకపోయాను. మా ఆయనతో, "ఇప్పుడే వస్తా, గ్వెల్ఫ్ తమ్ముడొస్తే నన్ను పిలవండి," అని చెప్పాను.

చట్నీ గిన్నెతో కిందికి వెళ్లేసరికి చప్పట్లు కొడుతున్నారు. విట్బీలో ఉండే ఒకాయన మా ఆయన భుజం తడుతున్నాడు. గ్వెల్ఫ్ తమ్ముడు మాత్రం మొహం మాడ్చుకుని ఒక మూల కూర్చున్నాడు.

"ఏమైంది?" అన్నాను.

"అదిరిపోయే ట్రేడ్!" అన్నాడు మా ఆయన. విట్బీ ఆయన దగ్గరున్న పాత క్వార్టర్‌బ్యాక్ ఇప్పుడు మావాడట. అతనిది ముప్పై ఎనిమిదేళ్ల వయసు. బదులుగా మా మొదటి పిక్, రెండో రౌండ్ పిక్, వచ్చే ఏడాది మొదటి రౌండ్ పిక్ ఇచ్చేశాడు.

చేతిలో గిన్నె ఎక్కడ పెట్టానో గుర్తులేదు. "అన్నగారూ, ఆ ట్రేడ్ ఆపండి. నన్ను అడగలేదు," అన్నాను.

గుంటూరు అన్నగారు ఇబ్బందిగా కళ్లజోడు సర్దుకున్నారు. "జట్టు మీ ఇద్దరిదీ కదమ్మా. ఆయన యాక్సెప్ట్ నొక్కేశాడు. మొగుడూ పెళ్లాల మధ్యకి నేను రాలేను. ముందు భోంచేద్దాం రండి."

అందరూ నవ్వారు. నేనూ నవ్వినట్టు మొహం పెట్టాను.

నలుగురిలో మా ఆయన్ని మీరు అంటాను. కారెక్కగానే అది పోయింది. "నన్నొక్క మాట అడగడానికి నీకు నోరు రాలేదా? పైనే ఉన్నానుగా!"

"ఆయన అప్పటికప్పుడు తేల్చమన్నాడు."

"ఒక్క కేక వెయ్యొచ్చుగా!"

వెనక సీట్లోంచి మా అమ్మాయి హెడ్‌ఫోన్స్ తీసి, "వెయిట్. డాడ్, యూ ట్రేడెడ్ మామ్స్ పిక్స్?" అంది.

హైవే ఎక్కాక ఆయన అందుకున్నాడు. "గెలవాలని లేదా నీకు? ఎప్పుడు చూడు వచ్చే ఏడాది, వచ్చే ఏడాది. డాలస్‌లో గ్రీన్‌కార్డు కోసం అలాగే కూర్చున్నాం. ఏటా వచ్చే ఏడాదే అన్నాం. చివరికి ఏం వచ్చింది? నాకింక ఓపిక లేదు. ఈ ఏడాదే కావాలి."

ఆ ఎదురుచూపు ఆయన్ని ఎంత తినేసిందో నాకు తెలుసు. అయినా కోపం తగ్గలేదు. ఆయనకు ఓపిక లేకపోతే పోగొట్టుకోవలసింది నా పనా?

తర్వాత జరిగింది ఇంకా కష్టమనిపించింది. ఆ సీజన్ మేమే గెలిచాం.

ముసలి క్వార్టర్‌బ్యాక్ బాగానే ఆడాడు, కాదనను. కానీ వారం వారం మాకు పాయింట్లు తెచ్చింది నేను తెచ్చిన ఆ ఇద్దరు కుర్రాళ్లు. అది యాప్‌లో అందరికీ కనిపిస్తూనే ఉంది. ఎవరూ చూడలేదు. జనవరిలో కప్పు ఇవ్వడానికి మళ్లీ అదే బేస్‌మెంట్‌లో కలిస్తే, "అన్న ఒక్క ట్రేడ్‌తో జట్టునే మార్చేసిండు!" అన్నాడు గ్వెల్ఫ్ తమ్ముడే. మా ఆయన కప్పు పట్టుకుని ఫోటోలు దిగాడు. "మా ఆవిడ కూడా చాలా హెల్ప్ చేసింది," అన్నాడు. హెల్ప్! ఆ మాట విన్నప్పుడు కలిగిన మంట, ఓడిన ఏడాది మొత్తంలో ఒక్కసారి కూడా కలగలేదు.

తప్పు నిర్ణయం నష్టం తెస్తే వాదించడం తేలిక. అదే గెలిపిస్తే ఇక నోరెత్తలేం. ఇంటికొచ్చి స్కోర్లన్నీ ఆయన ముందు పెట్టాను. ఓపిగ్గా చూశాడు. "సరే, నువ్వన్నదే రైట్. కానీ గెలిచాంగా," అన్నాడు.

మార్చిలో ఆ క్వార్టర్‌బ్యాక్ ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు. అతని స్థానంలో పెట్టడానికి మాకు ఎవరూ లేరు, తెచ్చుకోవడానికి మంచి పిక్ లేదు. గ్వెల్ఫ్ తమ్ముడికి ఇద్దామనుకున్న మొదటి పిక్‌తో విట్బీ ఆయన తీసుకున్న కుర్ర క్వార్టర్‌బ్యాక్ మొదటి సీజన్‌లోనే అదరగొట్టాడు. మా ఆయన టీ కప్పుతో నా పక్కన కూర్చుని, "మళ్లీ నువ్వే చూసుకోవా? జట్టును మెల్లగా కట్టుకుంటూ రావడం నీకు బాగా వచ్చు," అన్నాడు మెత్తగా.

"చూసుకోను," అన్నాను.

ఆ వారమే గుంటూరు అన్నగారికి ఫోన్ చేశాను. లీగ్‌లో ఒకాయన కాల్గరీకి మారిపోయి తన జట్టును వదిలేశాడు. దాన్ని నా పేరు మీద రాయమన్నాను. "ఒకే ఇంట్లో రెండు జట్లా అమ్మా?" అని నసిగారు. "ఒకే ఇంట్లో ఇద్దరు మనుషులున్నాం అన్నగారూ," అన్నాను. మర్నాడు యాప్‌లో నా పేరు కనిపించింది. జట్టు దిక్కుమాలినదే. వయసైపోయినవాళ్లు, గాయపడ్డవాళ్లు. ముందు వరస డబ్బాలు కూడా లేవు. కూర్చుని ఒక్కొక్కరినే అమ్మడం మొదలుపెట్టాను.

ఇప్పుడు మేమిద్దరం ఆదివారాలు ఒకే సోఫాలో కూర్చుని వేరువేరుగా ఓడిపోతున్నాం. మొన్న ఇండియన్ స్టోర్‌లో విట్బీ ఆయన కనబడి, "కొత్త జట్టు ఎలా ఉందమ్మా? ఆయన గైడ్ చేస్తున్నారా?" అని అడిగారు.

"లేదండీ. మీకు క్వార్టర్‌బ్యాక్‌లు ఇద్దరున్నారు కదా, రెండోవాణ్ణి ఇస్తారా?" అన్నాను.

ఆయన నవ్వి, "ఇంట్లో మాట్లాడుకుని చెప్పండి," అన్నారు. నేను ఆయన ట్రాలీ పక్కనే నిలబడి, ఆ రెండోవాణ్ణి ఏమిస్తే ఇస్తారో నాతోనే చెప్పమని మళ్లీ మొదటి నుంచి అడిగాను.